ఖుర్తుబా నేలలో ఖర్జూరం

పుట్టిన ఊరి మీద బెంగ పెట్టుకోవడం ఈమాన్‌కు లోటా? కాదని ఇస్లాం చరిత్ర తొలి పుటలే చెబుతున్నాయి. మక్కా నుంచి మదీనాకు హిజ్రత్ చేసి వచ్చిన కొత్తలో సహాబాలు కొందరు జ్వరాల పాలయ్యారు. హజ్రత్ బిలాల్ (రజి)కి జ్వరం కాస్త తగ్గినప్పుడల్లా మక్కా లోయను, అక్కడి గడ్డిని, కొండలను, నీటి రేవులను తలచుకుని గొంతెత్తి పాడుకునేవారు. ఆయన్ను మండుటెండలో పడుకోబెట్టి గుండెల మీద బండరాయి పెట్టిన ఊరు కూడా అదే. అయినా ఆ ఊరి గాలి కోసమే ఆయన ప్రాణం కొట్టుకుంది. ఈ సంగతి తెలిసిన ప్రవక్త ముహమ్మద్ (స) ఎవరినీ మందలించలేదు. మక్కా తమకు ఎంత ప్రియమో మదీనాను కూడా అంత ప్రియంగా, అంతకంటే ఎక్కువ ప్రియంగా చేయమని అల్లాహ్‌ను వేడుకున్నారు.

ఈ దుఆలో మనకు రెండు పాఠాలున్నాయి. పాత ఊరిని మరచిపోనక్కరలేదు. కొత్త ఊరిని ప్రేమించడం మాత్రం నేర్చుకోవాలి. చెప్పడానికి తేలికే గాని ఆచరణలో ఇది చాలా కష్టం. ఆ కష్టం ఎంతటిదో తెలుసుకోవాలంటే, ఈ దుఆ తర్వాత నూరేళ్లు దాటాక పుట్టిన ఒక రాకుమారుని జీవితం చూడాలి. ఆయన సిరియాలో పుట్టి, స్పెయిన్‌లో కన్నుమూసిన అబ్దుర్రహ్మాన్ బిన్ ముఆవియా. చరిత్రలో ‘అద్దాఖిల్’గా, అంటే స్పెయిన్‌లో ప్రవేశించినవాడుగా ప్రసిద్ధుడు.

తాతగారి రుసాఫా

అబ్దుర్రహ్మాన్ 731లో సిరియాలో జన్మించాడు. తాత హిషామ్ బిన్ అబ్దుల్ మలిక్ ఉమయ్యా ఖలీఫా. రాజధాని దమిష్క్ నుంచి సింధు తీరం దాకా ఒకవైపు, అట్లాంటిక్ సముద్రం దాకా మరోవైపు ఆ వంశం ఏలుబడి సాగుతున్న కాలమది. తల్లి మాత్రం అరబ్బు స్త్రీ కాదు. ఉత్తర ఆఫ్రికాలోని నఫ్జా అనే బెర్బర్ తెగకు చెందినది. ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఇరవై ఏళ్లు నిండేసరికి ఆయన ప్రాణాలు కాపాడింది తండ్రి వంశం కాదు, ఈ అమ్మ తరఫు బంధుత్వమే.

పసితనంలోనే తండ్రి చనిపోవడంతో తాతగారి చెంతనే పెరిగాడు. ఖలీఫా హిషామ్‌కు దమిష్క్ కన్నా ఫురాత్ నదికి దక్షిణాన ఎడారి అంచున ఉన్న రుసాఫా అంటే ఇష్టం. అక్కడ భవనాలు కట్టించుకుని ఎక్కువ కాలం అక్కడే గడిపేవాడు. మనవడి మనసులో ‘ఇల్లు’ అంటే ఆ రుసాఫానే అయింది. 743లో తాత చనిపోయాడు. ఆ తర్వాత ఏడేళ్లకే వంశం మొత్తం కూలిపోయింది.

నల్ల జెండాలు

750లో ఇరాక్‌లోని జాబ్ నది దగ్గర జరిగిన యుద్ధంలో అబ్బాసీల చేతిలో ఉమయ్యాలు ఓడిపోయారు. గెలిచినవారు ఉమయ్యా వంశీకులను వెతికి వెతికి చంపారు. బ్రతికి ఉన్నవారికి అభయమిస్తామని పిలిచి, ఫలస్తీనా ప్రాంతంలో ఒక నది ఒడ్డున పదుల సంఖ్యలో హతమార్చారు. పాలకుల తగాదాల్లో ఎంత ముస్లిం రక్తం ముస్లింల చేతనే ఒలికిందో తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

అప్పటికి అబ్దుర్రహ్మాన్‌కు 19 ఏళ్లు. అక్కచెల్లెళ్లను, తమ్ముడిని, చిన్న కొడుకు సులైమాన్‌ను వెంటబెట్టుకుని ఫురాత్ ఒడ్డున ఒక పల్లెలో తలదాచుకున్నాడు. చరిత్రకారులు చెప్పే ప్రకారం, ఆ రోజు కళ్ల కలకతో చీకటి గదిలో పడుకుని ఉన్నాడు. బయట ఆడుకుంటున్న పసివాడు ఏడుస్తూ పరుగెత్తుకొచ్చి తండ్రిని కావలించుకున్నాడు. బయటికి తొంగిచూస్తే అబ్బాసీల నల్ల జెండాలు ఊరిని సమీపిస్తున్నాయి. కొడుకును అక్కచెల్లెళ్లకు అప్పగించి, 13 ఏళ్ల తమ్ముడితో కలిసి పారిపోయాడు. వెనుక గుర్రాల చప్పుడు, ముందు నది. అన్నదమ్ములిద్దరూ నీళ్లలో దూకారు.

వెనక్కి వస్తే ఏమీ చేయమని ఒడ్డున నిలబడ్డ సైనికులు కేక వేశారు. ఈదలేక అలసిపోయిన తమ్ముడు ఆ మాట నమ్మి వెనుదిరిగాడు. అన్న ఎంత పిలిచినా వినలేదు. అవతలి ఒడ్డుకు చేరి తిరిగి చూసిన అబ్దుర్రహ్మాన్ కళ్ల ముందే ఆ పిల్లవాడి తల నరికారు. సొంత నేలను ఆయన చూసిన చివరి చూపుల్లో ఇదొకటి. అలాంటి చోటు మీద ఎవరికైనా విరక్తి కలగాలి. ఆయనకు మాత్రం జీవితాంతం బెంగ తీరలేదు.

ఐదేళ్ల పరుగు

ఫలస్తీనా చేరాక, అక్కచెల్లెళ్లు పంపిన డబ్బు, నగలతో బద్ర్, సాలిం అనే నమ్మకస్తులైన సేవకులు వచ్చి కలిశారు. అక్కడి నుంచి ఈజిప్టు మీదుగా ఇఫ్రీఖియా, అంటే నేటి ట్యునీషియా ప్రాంతానికి చేరారు. అక్కడి గవర్నర్ కూడా ఉమయ్యా వంశీకులు తన పదవికి ఎసరు పెడతారని అనుమానించి వేటాడసాగాడు. పేరు దాచుకుని, ఒక తెగ నుంచి మరో తెగకు మారుతూ, ఇంకా పడమటికి పోవడం తప్ప దారి లేకపోయింది. సాలిం విసిగి సిరియాకు వెళ్లిపోయాడు. బద్ర్ మాత్రం విడిచిపెట్టలేదు. చివరకు సబ్తా సమీపంలో సముద్రతీరాన తల్లి పుట్టింటివారైన నఫ్జా తెగవారు ఆశ్రయమిచ్చారు.

సముద్రానికి ఆవల కనిపించేది అందులుస్, అంటే ముస్లిం స్పెయిన్. అక్కడ అప్పటికే సిరియా నుంచి వచ్చి స్థిరపడినవారు చాలామంది ఉన్నారు. 740ల్లో వచ్చిన సిరియా సైనిక దళాలకు వారి వారి పాత జిల్లాలను బట్టే కొత్త ప్రాంతాలు కేటాయించారు. దమిష్క్ దళానికి నేటి గ్రనడా ప్రాంతం, హిమ్స్ దళానికి సెవిల్, జోర్డాన్ దళానికి మాలగా ప్రాంతం, ఫలస్తీనా దళానికి సిదోనియా, ఖిన్నస్రీన్ దళానికి జయ్యాన్ దక్కాయి. సెవిల్ నగరాన్ని జనం హిమ్స్ అనే పిలిచేవారు. వలస వచ్చినవాడు మూటాముల్లెతో పాటు ఊరి పేరు కూడా మోసుకొస్తాడన్నమాట.

వీరిలో ఉమయ్యా వంశం మీద అభిమానమున్న వారి దగ్గరకు అబ్దుర్రహ్మాన్ బద్ర్‌ను రాయబారం పంపాడు. సంప్రదింపులు ఫలించాయి. 755లో అల్ మునక్కబ్ అనే రేవులో ఆయన దిగాడు. పరుగు మొదలుపెట్టి అప్పటికి ఐదేళ్లు. మరుసటి సంవత్సరం ఈదుల్ అజ్హా నాడు ఖుర్తుబా (నేటి కార్డోబా) నగరం వెలుపల పాలకుడు యూసుఫ్ అల్ ఫిహ్రీ సైన్యాన్ని ఓడించాడు. జెండా కూడా లేకపోతే ఒక ఈటెకు తలపాగా కట్టి ఎత్తారట. ఊరిని దోచుకోవాలని చూసిన సొంత సైనికులను అడ్డుకున్నాడు. ఓడిపోయినవారి కుటుంబాలకు రక్షణ కల్పించాడు. పాతికేళ్ల వయసులో అమీరయ్యాడు.

గద్దె దక్కింది, ఇల్లు దక్కలేదు

ఇక్కడితో కథ సుఖాంతం కావాలి. కాలేదు. ఆ తర్వాత 32 ఏళ్లు ఆయన పాలించాడు. అందులో తిరుగుబాటు లేని సంవత్సరాలు తక్కువ. మొదట్లో జుమా ఖుత్బాలో అబ్బాసీ ఖలీఫా పేరే చదివించి, 757లో ఆపించాడు. అయినా తాను ఖలీఫానని ప్రకటించుకోలేదు. అమీర్ అనే బిరుదుతోనే సరిపెట్టుకున్నాడు. నాణేలు కూడా దమిష్క్ నాణేల నమూనాలోనే ముద్రించాడు. తన పేరు వేయించలేదు.

763లో అబ్బాసీ ఖలీఫా మన్సూర్ ప్రేరణతో అలా బిన్ ముగీస్ అనే సేనాని దండెత్తాడు. ఖర్మూనా కోటలో రెండు నెలలు ముట్టడిలో చిక్కుకున్న అమీర్, కొన్ని వందల మందితో కోట తలుపులు తెరిచి బయటపడి శత్రువును చిత్తు చేశాడు. ఓడిన సేనాని తలను నిల్వచేసి మన్సూర్ చూసేలా పంపించాడని చరిత్రలో ఉంది. ఆ సాహసాన్ని మెచ్చుకోవచ్చు గాని ఆ పనిని మెచ్చుకోలేము. తన ఆగర్భ శత్రువైన ఈ అబ్దుర్రహ్మాన్‌నే మన్సూర్ ‘ఖురైష్ డేగ’ అని పేర్కొన్నాడని చెబుతారు. ఒంటరిగా, దిక్కులేకుండా ఎడారులు, సముద్రం దాటి రాజ్యం నిలబెట్టినందుకు శత్రువు నోట వచ్చిన బిరుదు అది.

గద్దె నిలబెట్టుకునే ప్రయత్నంలో ఆయన మనసు గట్టిపడింది. అయినవారిని కూడా అనుమానించాడు. కుట్ర చేశాడని అన్న కొడుకునే చంపించాడు. నీడలా వెంట నడిచిన బద్ర్ మీద కూడా ఆగ్రహించి, ఆస్తి లాక్కుని సరిహద్దు ప్రాంతానికి వెళ్లగొట్టాడు. పరాయి నేల మీద ఒంటరితనం ఎంత బాధపెడుతుందో ఆయనకంటే బాగా తెలిసినవారు లేరు. అయినా పాతరోజులు తెలిసిన ఒక్క తోడును తన చేత్తోనే దూరం చేసుకున్నాడు. మహనీయుల జీవితాలు చదివేటప్పుడు ఇలాంటి పుటలను తిప్పేయకూడదు.

రెండో రుసాఫా

ఖుర్తుబాకు వాయవ్యంగా, కొండల దిగువన అమీర్ ఒక భవనం, తోట ఏర్పాటు చేసుకున్నాడు. దానికి పెట్టిన పేరు రుసాఫా. సిరియా నుంచి, ఇతర దూరదేశాల నుంచి విత్తనాలు, మొక్కలు తెప్పించి అక్కడ నాటించాడు. ఆ తోటలోనే ఒక ఖర్జూర చెట్టు ఉండేది. ఒకరోజు దాన్ని చూసి ఆయనకు గుండె పట్టలేదు. ఆ చెట్టూ తానూ ఒకే నేల నుంచి వచ్చి పడమటి దేశంలో ఒంటరులయ్యామన్న భావంతో ఒక కవిత చెప్పాడు. పన్నెండు వందల ఏళ్లు దాటినా అరబ్బీ తెలిసినవారు ఆ కవితను మరచిపోలేదు. మన ఉర్దూ పాఠకులకు కూడా అది కొత్త కాదు. 1933లో స్పెయిన్ వెళ్లిన అల్లామా ఇక్బాల్, ఆ ఖర్జూర చెట్టు మీద రాసిన కవితను 1935లో వెలువడిన ‘బాలె జిబ్రీల్’ సంపుటిలో చేర్చారు. స్పెయిన్‌లోని ఖర్జూరాలన్నీ ఆ చెట్టు సంతానమేనని జనం చెప్పుకుంటారు గాని అది కథే. అంతకు ముందు కూడా ఆ దేశంలో ఖర్జూరాలున్నాయి.

దానిమ్మ సంగతి ఇంకా ఆసక్తికరంగా ఉంటుంది. సిరియాలో ఉండిపోయిన అక్కచెల్లెళ్లను పిలిపించుకోవాలని అమీర్ ఆశపడ్డాడు. హిమ్స్ నుంచి వచ్చిన హదీసు విద్వాంసుడు ముఆవియా బిన్ సాలిహ్‌ను ఆ పని మీద పంపాడు. తర్వాత ఖుర్తుబా ఖాజీగా పనిచేసింది ఈయనే. సోదరి రానంది. వయసు మళ్లింది, ఈ వయసులో సముద్రాలు దాటలేను, అతడు క్షేమంగా ఉన్నాడని వింటే చాలు అన్న అర్థంలో కబురు పంపింది. వెళ్లినవాడి బెంగ గురించి అందరూ రాస్తారు. ఉండిపోయిన వారి గుండె నిబ్బరం గురించి ఎవరూ రాయరు. ఆమె తాను రాకపోయినా తాతగారి రుసాఫాలో పండే దానిమ్మ పండ్లను కానుకగా పంపించింది.

అమీర్ ఆ పండ్లను కొలువులో అందరికీ గొప్పగా చూపించి పంచాడు. జోర్డాన్ దళానికి చెందిన సఫర్ అనే ఆయన తన వంతు పండును మాలగా ప్రాంతంలోని తన ఊరికి తీసుకెళ్లి, గింజలు నాటి, కంటికి రెప్పలా పెంచాడు. చెట్టు కాసినప్పుడు పండ్లు తెచ్చి అమీర్ ముందు పెట్టాడు. అక్క పంపిన పండుకూ దీనికీ తేడా తెలియక అమీర్ ఆశ్చర్యపోయాడు. ఆ మొక్కలనే తన రుసాఫాలో నాటించాడు. ఆ రకానికి సఫరీ దానిమ్మ అని పేరు వచ్చింది. స్పానిష్ భాషలో ఇప్పటికీ ఒక దానిమ్మ రకానికి ఆ పేరు నిలిచి ఉంది. ఆలోచిస్తే, ఆ పండు తిన్నవారంతా మెచ్చుకుని ఊరుకున్నారు. గింజ నాటినవాడు ఒక్కడే. సిరియా రుచిని స్పెయిన్‌లో నిలిపింది ఆ ఒక్కడి ఓపికే.

తిరిగి వెళ్లాలన్న ఆశ అమీర్‌ను చివరి దాకా వదల్లేదు. 780 ప్రాంతంలో సైన్యంతో సిరియాకు వెళ్లి అబ్బాసీల మీద పగ తీర్చుకోవాలని సిద్ధమయ్యాడని, జరగోజాలో తిరుగుబాటు లేవడంతో ఆగిపోయాడని చరిత్రకారులు రాశారు. ఆ తర్వాత ఆ ప్రయాణం మాట వినబడదు.

మస్జిద్ స్తంభాల అడవి

వెళ్లలేనని తేలిపోయాక ఆయన చేసిన పెద్ద పని, ఖుర్తుబా జామె మస్జిద్. 785 ప్రాంతంలో పని మొదలైంది. కొత్త రాళ్లు చెక్కించే వ్యవధి లేదు. పాత రోమన్, విసిగోతుల కట్టడాల నుంచి స్తంభాలు తెచ్చారు. అవి పొట్టివి. పైకప్పు ఎత్తు చాలదు. అందుకని ఒక కమాను మీద మరో కమాను నిలబెట్టి ఎత్తు పెంచారు. ఎర్ర ఇటుకను, తెల్ల రాతిని మార్చి మార్చి పేర్చి కమానులకు చారలు తెప్పించారు. దమిష్క్ జామె మస్జిద్‌లో కూడా కమానులు రెండు వరుసలుగా పైకి లేస్తాయి. దాన్ని కట్టించింది ఈయన తాత హిషామ్‌కు అన్నగారైన వలీద్. అందువల్ల పాత మస్జిద్‌ను మనసులో పెట్టుకునే దీన్ని కట్టించాడని చాలామంది అభిప్రాయం.

మరో సంగతి. ఖుర్తుబా నుంచి కాబా ఉన్నది తూర్పు, ఆగ్నేయ దిక్కున. ఈ మస్జిద్ ఖిబ్లా గోడ మాత్రం దాదాపు దక్షిణానికి ఒరిగి ఉంటుంది. దీనికి పండితులు రకరకాల కారణాలు చెబుతారు. దమిష్క్‌లో ఖిబ్లా దక్షిణానికి ఉండటం వల్ల ఆ అలవాటే ఇక్కడికి వచ్చిందన్నది అందులో ఒకటి. మస్జిద్ ప్రాంగణంలో చెట్లు నాటడం కూడా సిరియా ఇమామ్ అయిన అవ్జాయీ అభిప్రాయాన్ని అనుసరించి వచ్చిందే. మదీనా ఇమామ్ మాలిక్‌కు అది ఇష్టం లేదు. ఆ రోజుల్లో అందులుస్ ముస్లింలు ఇమామ్ అవ్జాయీ ఫిఖ్‌నే పాటించేవారు. తర్వాతి తరాలు ఇమామ్ మాలిక్ ఫిఖ్‌కు మారాయి గాని చెట్లను మాత్రం పెరకలేదు. ఈనాటికీ ఆ ప్రాంగణంలో నారింజ చెట్లు వరుసలు తీరి ఉన్నాయి.

తర్వాతి పాలకులు విస్తరిస్తూ పోగా స్తంభాలు 800 దాటాయి. 1236లో నగరం క్రైస్తవ పాలకుల వశమైంది. మస్జిద్ చర్చిగా మారింది. 1984లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తించింది.

వారసుడెవరు?

అమీర్‌కు వృద్ధాప్యంలో ఒక ప్రశ్న ఎదురైంది. ఫురాత్ ఒడ్డున నల్ల జెండాలు చూసి పరుగెత్తుకొచ్చిన సులైమాన్ పెద్దవాడై అందులుస్ చేరాడు. పెద్ద కొడుకు, సిరియాలో పుట్టినవాడు, తండ్రి పోగొట్టుకున్న లోకానికి మిగిలిన గురుతు. రెండోవాడు హిషామ్. తాతగారి పేరే పెట్టినా పుట్టింది ఖుర్తుబాలో. సిరియాను కళ్లతో చూసి ఎరుగడు. 788లో అబ్దుర్రహ్మాన్ కన్నుమూశాక గద్దె దక్కింది హిషామ్‌కే. సులైమాన్ ఎదిరించి ఓడి, పరిహారంగా ధనం తీసుకుని సముద్రం దాటి ఉత్తర ఆఫ్రికాకు వెళ్లిపోయాడు. తండ్రి కట్టడం మొదలుపెట్టిన మస్జిద్‌కు మినారు కట్టించి పని పూర్తిచేసింది హిషామ్.

సిరియా కోసం జీవితమంతా కుమిలిన మనిషి, తన రాజ్యాన్ని సిరియా ఎరుగని కొడుకు కోసం సిద్ధం చేశాడు. బెంగను బెంగగానే ఉంచుకుని, బాధ్యతను ఆ నేల మీదే నిలబెట్టాడు. ప్రవక్త (స) దుఆలోని రెండో భాగం ఆయన జీవితంలో ఆలస్యంగా, ఎన్నో తప్పుల తర్వాత నెరవేరిందనిపిస్తుంది.

11వ శతాబ్దం మొదట్లో చెలరేగిన అంతర్యుద్ధంలో ఖుర్తుబా రుసాఫా పాడైపోయింది. 1031లో స్పెయిన్‌లో ఉమయ్యాల పాలన ముగిసింది. ఆయన గుర్రాలు, కత్తులు, పగలు ఏమయ్యాయో ఎవరికీ పట్టదు. కార్డోబాలో ఒక పేటకు మాత్రం రుసాఫా పేరు అర్రుసాఫాగా మిగిలింది. దానిమ్మకు పేరు మిగిలింది. నారింజ చెట్ల వెనుక ఎర్ర చారల కమానులు మిగిలాయి. అంటే ఆయన నాటినవి, నలుగురి కోసం కట్టినవి మిగిలాయి.

నేడు మన కుటుంబాల్లో ఎవరో ఒకరు దూరదేశంలో ఉన్నవారే. గల్ఫ్‌లో కావచ్చు, అమెరికాలో కావచ్చు. పండుగ పూట వారి గొంతులో వినిపించే జీర బలహీనత కాదు. అది బిలాల్ (రజి) వంటి మహనీయులకే తప్పలేదు. అయితే ఊరి సంగతులు తలచుకుని నిట్టూర్చడంతో ఆగిపోతే, ఆ ఊరు మనతోనే అంతరిస్తుంది. మన వంట, మన మాట, మన పెద్దల మర్యాద, వారు నేర్పిన నమాజు అక్కడ పుట్టిన పిల్లల చేతిలో పెట్టాలి. ఆ పిల్లలు ఆ నేలను ప్రేమిస్తే అది మనకు ద్రోహం చేసినట్లు భావించకూడదు. ఇక్కడ మిగిలిన పెద్దలు కూడా రుసాఫాలో ఉండిపోయిన ఆ సోదరిలా, రాలేకపోయినా ఒక దానిమ్మ పండు పంపగల మనసు ఉంచుకోవాలి. అందుకున్నవారు దాని గింజ నాటాలి. దూరాన ఉన్నవారికి, దగ్గర ఉన్నవారికి అల్లాహ్ ఆ ఓపికను ప్రసాదించుగాక. ఆమీన్.